మా వతన్, మీ కాగితం

"మీదే ఊరు?" అనడుగుతారు. మైలవరం అంటాం. "అది కాదు, అసలు ఊరు?" అని మళ్లీ అడుగుతారు. అసలు ఊరంటే ఏది? మా నానీ బొడ్డు కోసిన ఊరు, మా దాదా ఖబర్ ఉన్న ఊరు, మేం ఓటేసే ఊరు అన్నీ ఒకటే. అయినా ప్రశ్న ఆగదు. పక్కింటి వాళ్లని ఎవరూ రెండోసారి అడగరు. మమ్మల్ని మాత్రం మూడు తరాల నుంచి అడుగుతూనే ఉన్నారు. మొదట సరదాకి అడిగారు. తర్వాత అనుమానంతో అడిగారు. ఇప్పుడు చట్టం పేరుతో అడుగుతున్నారు. అందుకని ఈసారి జవాబు కాస్త వివరంగా చెప్పదలిచాం. పౌరసత్వం అనే మాట మా ఇళ్లలోకి ఎలా వచ్చిందో, ఎవరికి ఎలా దక్కిందో, ఎవరి చేతిలోంచి ఎలా జారిపోయిందో మా వైపు నుంచి చెబుతాం.

మైలవరం చరిత్రంటే సూరపనేని జమీందార్ల చరిత్రనే అనుకుంటారు. బాలభారతీ నాటక సమాజం సంగతి నాటకరంగం గురించి రాసిన వాళ్లు రాశారు. బాగానే ఉంది. ఆ చరిత్రలో దూది ఏకినవాళ్లం, గుర్రాలకి లాడాలు కొట్టినవాళ్లం, బండ్లు తోలినవాళ్లం, పీర్లు ఎత్తినవాళ్లం ఎక్కడా కనపడం. మమ్మల్ని బయటినుంచి గుర్రాలెక్కి వచ్చినవాళ్లలా రాస్తారు, లేదంటే రాయనే రాయరు. మాలో అత్యధికులం ఈ మట్టిలోనే కులం బరువు మోయలేక కలిమా చదివినవాళ్ల మనవలం. మా దూదేకుల ఇళ్లలో ఈనాటికీ తెలుగే మాతృభాష. అమ్మ తిట్టినా, జోల పాడినా తెలుగులోనే. అరబ్బులో తుర్కులో మా తాతలని చెప్పుకునే సరదా మాలో కొందరికి ఉన్న మాట నిజమే. ఆ సరదాకి మేం చెల్లించిన మూల్యం చాలా పెద్దది. "మీరే చెప్పారుగా బయటివాళ్లమని" అని ఇప్పుడు దాన్నే మా మీదికి తిప్పుతున్నారు.

మా ఊరు ఎక్కడికీ పోలేదు. మేం ఎక్కడికీ పోలేదు. రాజ్యాలే మా నెత్తి మీదుగా నడిచిపోయాయి. పక్కనున్న కొండపల్లి కోటని చూస్తే చాలు. గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ కుతుబ్‌షాహీలు, మొగలాయిలు, నిజాం, అందరూ దాన్ని ఏలారు. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీకి రాసిచ్చారు. 1766లో జనరల్ కాలియాడ్ వచ్చి కొండపల్లి కోట పట్టుకున్నాడు. అదే ఏడాది నిజాం సంధి చేసుకుని సర్కారుల్ని కంపెనీకి వదిలాడు. 1823లో మిగిలిన పేష్‌కష్ హక్కు కూడా కంపెనీ కొనేసింది. 1858లో కంపెనీ పోయి రాణి వచ్చింది. ఇన్నిసార్లు చేతులు మారినప్పుడు ఒక్కసారైనా మా ముత్తాతల్ని ఎవరన్నా అడిగారా, మీరెవరి వైపని? అడగలేదు. ఎందుకంటే అప్పటి మాట పౌరుడు కాదు, రయ్యత్. రయ్యత్ అంటే శిస్తు కట్టేవాడు. హిందువు కట్టినా ముసల్మాన్ కట్టినా శిస్తు శిస్తే. రాణిగారి కాలంలో దానికి బ్రిటిష్ సబ్జెక్టు అని పేరు పెట్టారు. ప్రజ అంటే హక్కున్నవాడని కాదు, లోబడి ఉండేవాడని. ఆ లోబడటంలో మాత్రం అందరికీ సమానత్వం ఉండేది!

మైలవరానికి ఇంకో సంగతి ఉంది. కాస్త ఉత్తరానికి పోతే నిజాం సరిహద్దు. ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ కృష్ణా జిల్లా, అటు హైదరాబాద్ రాజ్యం. ఇటు కంపెనీ రూపాయి, అటు హాలీ సిక్కా. మధ్యలో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకాలు. గీత గీసింది సర్కార్లు, పెళ్లిళ్లు చేసుకుంది మేం. మధిర నుంచి ఖమ్మం నుంచి కోడళ్లు ఇటొచ్చారు, ఇక్కడి ఆడపిల్లలు అటు వెళ్లారు. ఆ కోడళ్లు, ఆ ఆడపిల్లలు ఏ దేశం వాళ్లు? ఇటున్నవాళ్లు ఇంగ్లీషు రాజు ప్రజలు. అటున్నవాళ్లు నిజాం ప్రజలు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్లు రెండు రాజ్యాల ప్రజలయ్యారు.

అక్కడ ముల్కీ అనే మాట ఉండేది. ముల్క్‌కి చెందినవాడు ముల్కీ, కానివాడు గైర్‌ముల్కీ. 1919 ఫర్మానా ప్రకారం హైదరాబాద్ రాజ్యంలో సర్కారీ నౌకరీ కావాలంటే ముల్కీ అయుండాలి. పుట్టుకతో ముల్కీ కానివాడు పదిహేనేళ్లు అక్కడ కాపురముండి ముల్కీ కావచ్చు. మన నేల మీద పౌరసత్వం లాంటి నియమం కాగితం రూపంలో కనపడిన తొలి సందర్భాల్లో ఇదొకటి. దీనిలో గమనించాల్సింది ఒకటుంది. ముల్కీకి మతం లేదు. ఉత్తరాది నుంచి ఉద్యోగాలకొచ్చిన ముసల్మాన్ గైర్‌ముల్కీ, పుట్టి పెరిగిన హిందువు ముల్కీ. ఆసఫ్‌జాహీల పాలనని మేం పొగడటం లేదు. ఆ రాజ్యంలో జాగీర్దార్ల కింద, దేశ్‌ముఖ్‌ల కింద నలిగిన జనం గోడు మాకు తెలుసు. చివరి రోజుల్లో రజాకార్లు చేసిన ఘోరాలూ తెలుసు. ప్రాణాలు అరచేత పెట్టుకుని సరిహద్దు దాటి కృష్ణా జిల్లా ఊళ్లకొచ్చిన వాళ్లకి అన్నం పెట్టినవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా పోలీసు చర్య జరిగింది. దాని తర్వాత అటువైపు మామూలు ముసల్మాన్ల మీద జరిగిన ఊచకోతని చూసొచ్చింది సుందర్‌లాల్ కమిటీ. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. 1949 నవంబరు 23న నిజాం భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా ఇచ్చాడు. అక్కా చెల్లీ మళ్లీ ఒకే దేశం వాళ్లయ్యారు. కానీ ఈ లోపల ఇంకో గీత పడింది. అది కరోడ్‌గిరి నాకా లాంటిది కాదు.

పాకిస్తాన్ మీరు కోరుకున్నదే కదా అంటారు. 1946 ఎన్నికల్లో లీగుకి ఓటేశారు కదా అంటారు. ఆ ఎన్నికల్లో ఓటు ఎవరికుందో చెప్పరు. అప్పుడు వయోజన ఓటు లేదు. ఆస్తి ఉన్నవాడికి, పన్ను కట్టేవాడికి, చదువుకున్నవాడికి ఓటు. పరుపులు కుట్టేవాడికి, జట్కా తోలేవాడికి, బీడీలు చుట్టే తల్లికి ఓటు ఎక్కడిది? వాళ్లని ఎవరూ అడగలేదు, వాళ్లెవరికీ చెప్పలేదు. ఓటు లేనివాళ్ల మనవల్ని ఓటేశారని నిందించడం మన దేశభక్తికే చెల్లింది.

రాజ్యాంగం మొత్తం 1950 జనవరి 26న అమల్లోకొచ్చిందని పిల్లలకి చెబుతాం. పౌరసత్వం మాత్రం అంతకు ముందే, 1949 నవంబరు 26 నుంచే అమల్లోకొచ్చింది. దేశం ఏర్పడాలంటే ముందు అందులో ఎవరుంటారో తేలాలి. అయిదో అధికరణం సూటిగా ఉంది. ఈ దేశంలో స్థిరనివాసం ఉండి, ఇక్కడ పుట్టినా, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినా, అయిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నా పౌరుడే. మతం మాటే లేదు. అది ఊరికే రాలేదు. 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో దీని మీద పెద్ద రగడ జరిగింది. ఇంకే దేశానికీ చెందని ప్రతి హిందువుకీ, సిక్కుకీ భారత పౌరసత్వం దక్కాలని పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ సవరణ పెట్టాడు. మతాన్ని బట్టీ జాతిని బట్టీ మనుషుల మధ్య తేడా చూపలేమని గట్టిగా చెప్పినవాళ్లలో ఒకరు మన తెలుగువాడు, నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. ఆయన మా మతం వాడు కాదు, మా కులం వాడు కాదు. అయినా ఆయన మాట నిలబడింది. దేశ్‌ముఖ్ సవరణ వీగిపోయింది. లౌకిక మిత్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మాకు ఈ హక్కు ఎవరూ దయతలచి ఇవ్వలేదు. ఒక వాదం గెలిచింది కాబట్టి వచ్చింది. గెలిచిన వాదాన్ని ప్రతి తరం మళ్లీ గెలిపించుకోవాల్సిందే.

అయితే అదే రాజ్యాంగంలో ఆరు, ఏడు అధికరణాలున్నాయి. అటునుంచి ఇటు వచ్చినవాళ్లకి ఆరు. ఇటునుంచి అటు పోయినవాళ్లకి ఏడు. అటునుంచి 1948 జులై 19కి ముందొచ్చిన వాళ్లకి పౌరసత్వం తేలిగ్గా వచ్చేసింది. తర్వాతొచ్చినవాళ్లు రిజిస్టర్ చేసుకోవాలి. ఏడో అధికరణం ఏమందంటే, 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్ ప్రాంతానికి వలసపోయినవాడు పౌరుడు కాడు. మార్చి 1 నాటికి పాకిస్తాన్ ఎక్కడుంది? ఆగస్టు దాకా పుట్టని దేశానికి మార్చిలోనే పోయావని లెక్క కట్టారు! తిరిగి వచ్చి శాశ్వతంగా ఉండటానికి పర్మిట్ తెచ్చుకున్నవాడికి మినహాయింపుంది. ఆ కాస్త మినహాయింపు మీద కూడా సభలో మండిపడ్డారు. నెహ్రూ దాన్ని నిలబెట్టాడు. మాటల్లో హిందువు, ముస్లిం అని ఎక్కడా లేదు. కానీ ఆరో తలుపు గుండా ఎవరొస్తారో, ఏడో తలుపు గుండా ఎవరు పోతారో అందరికీ తెలిసిందే.

తెలుగు నేల మీదినుంచి పాకిస్తాన్ పోయినవాళ్లు పంజాబ్‌తో, ఉత్తరాదితో పోలిస్తే కొద్దిమంది. పోయిన కొందరూ ఎక్కువగా హైదరాబాద్ నుంచే. కరాచీలో ఇప్పటికీ హైదరాబాద్ కాలనీ అనే పేట ఉంది. మా వైపునుంచి పోయిందెవరంటే, ఏ రైల్వే ఉద్యోగో, ఏ వ్యాపారంలో గుమాస్తానో, లేదంటే చిన్నాన్న పిలిస్తే పని కోసం వెళ్లిన కుర్రాడో. దేశం మారుతున్నామని వాళ్లలో చాలామంది అనుకోలేదు. మనవాళ్లు రంగూన్ పోయినట్టు, బొంబాయి పోయినట్టు పోయారు. నాలుగు డబ్బులు చేతికొస్తే తిరిగొచ్చి చెల్లెలి నిఖా చెయ్యాలనుకున్నారు. 1948లో పర్మిట్లొచ్చాయి. 1952 అక్టోబరు నుంచి రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. అప్పుడు అక్కడున్నవాడు తల్లిని చూడాలంటే ఏం చెయ్యాలి? చేతిలో ఏదో ఒక పాస్‌పోర్టు ఉండాలి. అక్కడి సర్కారు ఇచ్చేది అక్కడి పాస్‌పోర్టే. అది పట్టుకుని వచ్చాడు. అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆ కాగితంతోటే తన పుట్టిన గడ్డకి పరాయివాడయ్యాడు.

1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఇష్టపూర్వకంగా వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే ఇక్కడి పౌరసత్వం దానంతట అదే పోతుంది. రెండు దేశాల పౌరసత్వం మన చట్టం ఒప్పుకోదు. ఇక్కడిదాకా అర్థమవుతుంది. కానీ 1956 నియమాల్లో ఇంకో మాట కలిపారు. వేరే దేశం పాస్‌పోర్టు తీసుకున్నాడంటే చాలు, ఇష్టపూర్వకంగానే ఆ దేశ పౌరుడయ్యాడనడానికి అది తిరుగులేని రుజువు. తిరుగులేని అంటే నువ్వేం చెప్పుకున్నా వినేది లేదని. భయంతో తీసుకున్నానన్నా, తల్లి చావుబతుకుల్లో ఉందన్నా, చదువు రాక వేలిముద్ర వేశానన్నా వినరు. 1962లో ఇజ్‌హార్ అహ్మద్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఆ నియమం చెల్లుతుందంది.

ఇదే సుప్రీంకోర్టులో మన రాష్ట్రం నుంచి వెళ్లిన రెండు కేసులు చట్టం చదివే ప్రతివాళ్లకీ తెలుసు. తెలుగు ముస్లింలు చాలామందికి తెలియవు. 1961లో అబ్దుల్ ఖాదర్ కేసు, 1962లో సయ్యద్ మహమ్మద్ ఖాన్ కేసు. రెండింట్లోనూ ఒకవైపు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఇంకోవైపు పాకిస్తాన్ పాస్‌పోర్టు మీద సొంత ఊరికి తిరిగొచ్చిన మామూలు మనుషులు. గడువు దాటి ఉన్నారు కాబట్టి విదేశీయులని రాష్ట్ర ప్రభుత్వం వాదన. సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీళ్లని తోసిపుచ్చింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చేనాటికి పౌరుడైనవాడు ఆ తర్వాత పౌరసత్వం పోగొట్టుకున్నాడా లేదా అన్నది తేల్చాల్సింది కేంద్ర ప్రభుత్వం. అది తేలేదాకా రాష్ట్ర ప్రభుత్వం వాళ్లని విదేశీయులుగా చూడటానికి లేదు, వెళ్లగొట్టటానికి లేదు. ఇదీ ఆ తీర్పుల సారం. చిన్న సంగతిలా కనపడుతుంది. కాదు. పోలీసు స్టేషన్లో హెడ్డు గారు "నువ్వు పాకిస్తానీవి" అంటే అయిపోదని, దానికొక విచారణ ఉండాలని, ఎదుటివాడి మాట వినాలని ఆ ఇద్దరి పేర్లతో చట్టంలో నిలిచిపోయింది. మన పాఠాల్లో వాళ్ల పేర్లుండవు. ఉండాలి.

ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. 1955లో బీహార్ నుంచి సుప్రీంకోర్టుకొచ్చిన ఒక కేసులో భర్త ఇక్కడే ఉన్నాడు. భార్య 1948లో కరాచీ వెళ్లింది. తాత్కాలిక పర్మిట్ మీద ఒకసారి వచ్చి మళ్లీ వెళ్లింది. భర్త నివాసమే భార్య నివాసమన్న పాత సూత్రం ఆమెని కాపాడలేదు. ఆమె వలసపోయిందని తేల్చారు, ఆస్తి పోయింది. మామూలు రోజుల్లో ఆడదానికి సొంత ఊరు లేదంటారు, మొగుడి ఊరే ఊరంటారు. శిక్ష వేసేటప్పుడు మాత్రం ఆమె సొంతంగా దేశం దాటిందంటారు.

ఆస్తులకి వేరే చట్టాలొచ్చాయి. 1950 నాటి కాందిశీక ఆస్తుల చట్టం కింద పోయినవాళ్ల ఆస్తులు కస్టోడియన్ చేతికెళ్లాయి. పోవాలనుకుంటున్నారని అనుమానం వచ్చినా చాలు, పోబోయేవాళ్ల జాబితాలో పెట్టారు. మనసులో ఏముందో రెవిన్యూ ఆఫీసు చెబుతుందన్నమాట! 1965 యుద్ధం తర్వాత శత్రు ఆస్తి అనే పేరొచ్చింది. 1968లో దానికి చట్టం చేశారు. వారసుడు ఇక్కడే పుట్టి ఇక్కడే పౌరుడైతే ఆస్తి ఇచ్చెయ్యాలని 2005లో మహమూదాబాద్ రాజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో చట్టాన్నే సవరించి ఆ దారి మూసేశారు. తాత శత్రువు కాబట్టి పౌరుడైన మనవడికి కూడా ఆ ఇల్లు రాదు. నేరం వంశపారంపర్యం, హక్కు మాత్రం కాదు.

పోయినవాళ్లు సుఖపడ్డారా? మతం పేరుతో కట్టుకున్న దేశం వాళ్లని ఎలా చూసిందో కూడా చెప్పాలి. చెప్పకపోతే మేం సగం నిజమే చెప్పినట్టు. బీహార్ నుంచి తూర్పు పాకిస్తాన్ వెళ్లిన ఉర్దూ ముస్లింలు 1971లో బంగ్లాదేశ్ వచ్చాక ఏ దేశానికీ కాకుండా పోయారు. పాకిస్తాన్ వాళ్లందర్నీ తీసుకుపోలేదు, బంగ్లాదేశ్ నమ్మలేదు. ఢాకా క్యాంపుల్లో తరాలు గడిచాక 2008లో అక్కడి హైకోర్టు తీర్పుతో వాళ్లకి పౌరసత్వం దక్కింది. 1974లో పాకిస్తాన్ రాజ్యాంగాన్ని సవరించి అహ్మదీయులు ముస్లింలే కారంది. బర్మాలో 1964లో లక్షల మంది భారతీయులతోపాటు మన తెలుగువాళ్లు కూడా కట్టుబట్టలతో తిరిగొచ్చారు. అదే బర్మా 1982 పౌరసత్వ చట్టంతో రోహింగ్యాల్ని దేశం లేనివాళ్లని చేసింది. పౌరసత్వానికి మతాన్ని గానీ జాతిని గానీ కొలబద్ద చేసిన ప్రతి దేశమూ చివరికి తన మనుషుల్నే తరిమింది. కలిమా మనిషికి అల్లాని చూపిస్తుంది. రేషన్ కార్డు ఇప్పించదు.

ఇప్పుడు రెండు దేశాల పౌరసత్వం సంగతి. మా కృష్ణా డెల్టాలో ఈ మాట చాలా ఇష్టమైన మాట. కాలవ కింద మాగాణి ఉన్న కుటుంబాల పిల్లలు డాక్టర్లై, ఇంజినీర్లై అమెరికా వెళ్లారు. అక్కడి పౌరులయ్యారు. తొమ్మిదో సెక్షన్ వాళ్లకీ వర్తిస్తుంది, వాళ్ల భారత పౌరసత్వమూ పోతుంది. కానీ వాళ్ల కోసం ఇంకో తలుపు తెరిచారు. 1999లో పి.ఐ.ఓ. కార్డు వచ్చింది. 2003, 2005 సవరణలతో ఓ.సి.ఐ. వచ్చింది. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే ప్రధాని మన్మోహన్ సింగ్ మొదటి కార్డులిచ్చాడు. పేపర్లు దాన్ని ద్వంద్వ పౌరసత్వం అని రాశాయి. నిజానికి కాదు. ఓటు లేదు, చట్టసభకి పోటీ చెయ్యటానికి లేదు, వ్యవసాయ భూమి కొనటానికి లేదు. జీవితాంతం వీసా ఉంది, వచ్చి పోవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. తల్లి చావుబతుకుల్లో ఉంటే ఆ రాత్రే విమానం ఎక్కొచ్చు. దీని మీద మాకు అసూయ లేదు. ఏ బిడ్డకైనా తల్లిని చూసే హక్కుండాలి. మేం అడిగేది ఒకటే. ఆ చట్టంలోనే ఒక మాట రాసుంది. పాకిస్తాన్‌లో గానీ బంగ్లాదేశ్‌లో గానీ ఒకప్పుడు పౌరులైనవాళ్లకి, వాళ్ల పిల్లలకి, మనవలకి, మునిమనవలకి ఈ కార్డు లేదు. వాళ్లు ఇప్పుడు ఇంగ్లండులో ఉన్నా కెనడాలో ఉన్నా లేదు. ఒకే ఊరినుంచి ఇద్దరు బిడ్డలు బయటికి పోయారు. ఒకడు డాలర్ల దేశం పోయాడు, ఒకడు కరాచీ పోయాడు. ఒకడి మనవడికి తాతగారి ఊరు సొంతం. ఇంకొకడి మనవడికి తాత పుట్టిన ఇంటి గడప చూడాలంటే నెలల తరబడి దరఖాస్తులు, వచ్చాక పోలీసు స్టేషన్లో హాజరు.

మన తెలుగునాట ఇంకో కేసు కూడా చెప్పుకోవాలి. చెన్నమనేని రమేష్ 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకున్నాడు. తిరిగొచ్చి దరఖాస్తు చేసి 2009లో భారత పౌరసత్వం పొందాడు. వేములవాడ నుంచి 2009, 2010, 2014, 2018ల్లో నాలుగుసార్లు శాసనసభకి గెలిచాడు. దరఖాస్తుకి ముందు పన్నెండు నెలలు దేశంలోనే ఉండాలన్న నిబంధన పాటించలేదని, విదేశీ ప్రయాణాలు చెప్పలేదని కేంద్ర హోంశాఖ 2017లో ఆయన పౌరసత్వం రద్దు చేసింది. కోర్టు మళ్లీ చూడమంటే 2019లో మళ్లీ రద్దు చేసింది. 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి 30 లక్షలు ఖర్చుల కింద కట్టమంది. పదిహేనేళ్లు పట్టింది. నోటీసులు, సమీక్షలు, అప్పీళ్లు, వాదనలు అన్నీ జరిగాయి. జరగాల్సిందే. పౌరసత్వం తీసెయ్యాలంటే అంత విచారణా ఉండాలి. మా బాధల్లా ఆ విచారణ వేములవాడ ఎమ్మెల్యేకి దక్కినట్టు పాతబస్తీలో ఆటో తోలేవాడికి దక్కదని. 2020 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో 127 మందికి ఆధార్ సంస్థ నోటీసులు పంపింది. అబద్ధపు పత్రాలతో ఆధార్ తీసుకున్నారని పోలీసుల నివేదిక వచ్చిందని చెప్పింది. పౌరసత్వం రుజువు చేసుకోమని అందులో అడిగారు. గోల లేచాక, ఆధార్‌కీ పౌరసత్వానికీ సంబంధం లేదని అదే సంస్థ వివరణ ఇచ్చుకుంది. సంబంధం లేకపోతే అడగటమెందుకు?

పుట్టుకతో వచ్చే హక్కు కూడా ఒక్కో మెట్టూ కుంచించుకుపోయింది. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఈ నేల మీద పుడితే చాలు, పౌరుడు. 1987 జులై 1 నుంచి అమ్మానాన్నల్లో ఒకరు పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. అంటే మట్టి నుంచి హక్కు నెత్తురులోకి మారింది. నెత్తురుకి రుజువేమిటి? కాగితం. బిడ్డ కాగితం చాలదు. అమ్మ కాగితం, అమ్మ వాళ్లమ్మ కాగితం కావాలి. 1946 విదేశీయుల చట్టం తొమ్మిదో సెక్షన్ రుజువు భారం అవతలివాడి మీదే పెట్టింది. 2025లో ఆ చట్టం పోయి కొత్తది వచ్చింది, భారం మాత్రం అక్కడే ఉంది. దొంగతనం కేసులో దొంగని రుజువు చెయ్యాల్సింది సర్కారు. నువ్వు ఈ దేశం వాడివి కాదంటే, అవునని రుజువు చెయ్యాల్సింది నువ్వు.

అస్సాంలో 2019 ఆగస్టు 31న వచ్చిన జాబితాలో 19,06,657 మంది పేర్లు లేవు. వాళ్లలో హిందువులూ చాలామంది ఉన్నారు. అదే డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులు పౌరులు కావచ్చంది. 2024 మార్చి 11న దాని నియమాలొచ్చాయి. 1949లో దేశ్‌ముఖ్ ఓడిన వాదం డెబ్భై ఏళ్లకి గెలిచింది. జాబితా, చట్టం వేరువేరని చెప్పారు. జాబితాలో లేనివాళ్లలో ఒకరికి ఈ చట్టం పడవ అవుతుంది, ఇంకొకరు నీళ్లలోనే ఉంటారు. అది అర్థం చేసుకోవటానికి పెద్ద చదువు అక్కర్లేదు. 2020 మార్చిలో తెలంగాణ శాసనసభ దీన్ని వ్యతిరేకిస్తూ తీర్మానించింది. జూన్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ జనాభా పట్టికని 2010 పద్ధతిలోనే చెయ్యాలని తీర్మానించింది. మంచిదే. తీర్మానం గొడుగు లాంటిది. వానపడితే పనికొస్తుంది, వరదకి ఆగదు.

వరదంటే గుర్తొచ్చింది. కాగితాలెక్కడివి మాకు? మైలవరం జమీందారీ. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యి సర్వేలు జరిగి పట్టాలొచ్చింది భూమి ఉన్నవాళ్లకి. భూమి లేనివాడికి పట్టా లేదు, పట్టా లేనివాడు కరణం గారి దస్త్రంలో లేడు. 1984లో కరణాలు, మునసబులు పోయారు. ఆ దస్త్రాలు ఎన్ని అటకెక్కాయో, ఎన్ని చెదలు తిన్నాయో. పుట్టుకలు మంత్రసాని చేతిలో జరిగాయి. మా పెద్దవాళ్లని వయసడిగితే "తుపానుకి చంకనెత్తుకునేంత పిల్ల" అంటారు. బడిలో వేసేటప్పుడు పంతులు గారు ఏ తేదీ రాస్తే అదే పుట్టినరోజు. పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. రేషన్ కార్డులో మస్తాన్, ఓటరు జాబితాలో మస్తాన్‌వలి, ఆధార్‌లో షేక్ మస్తానయ్య. ముగ్గురూ ఒక్కడే. నిఖాకి ముందు ఒక పేరు, తర్వాత ఇంకో పేరుతో బతికిన మా అమ్మలు, ఖాలాలు తాము ఫలానా తండ్రి కూతురినని ఏ కాగితంతో చెప్పాలి? ఇది మా ఒక్కళ్ల గోడు కాదు. ఎరుకల వాళ్లని, యానాదుల్ని, కూలి కోసం ఊళ్లు మారే మాలమాదిగల్ని అడగండి. వాళ్ల ట్రంకుపెట్టెల్లోనూ మా ట్రంకుపెట్టెల్లో ఉన్నంతే ఉంటుంది.

మా మైలవరం కొండల వైపునుంచి బుడమేరు పారుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో అది పొంగి విజయవాడ సింగ్‌నగర్ పేటల్ని ముంచింది. ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు. నీళ్లు తీశాక జనం డాబాల మీద మొదట ఆరేసుకున్నది బట్టల్ని కాదు, కాగితాల్ని. తడిసిన పట్టాలు, సిరా కారిపోయిన సర్టిఫికెట్లు, అంటుకుపోయిన పాస్‌బుక్కులు. హిందువులవీ ముస్లింలవీ పక్కపక్కనే ఆరాయి. బుడమేరు ఎవర్నీ మతం అడగలేదు. ఆ తడిసిన కాగితం పోతే కొత్తది తెచ్చుకుందామని కొందరు ధీమాగా ఉన్నారు. మావాళ్లకి మాత్రం గుండె దడ. మనిషి ఒకటే, కాగితం ఒకటే, భయం మాత్రం వేరు. ఆ తేడా పేరే రెండో తరగతి పౌరసత్వం. దానికి ఏ చట్టంలోనూ సెక్షన్ నంబరు ఉండదు.

1995లో లాల్ బాబు హుసేన్ కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. ఇదివరకే ఓటరు జాబితాలో ఉన్నవాళ్లని సరైన విచారణ లేకుండా పౌరుడివి కావని తీసెయ్యకూడదంది. 2025లో బీహార్ ఓటరు జాబితా సవరణలో 2003 జాబితాలో లేనివాళ్లని మళ్లీ పత్రాలడిగారు. మొదట ఆధార్ చెల్లదన్నారు, సుప్రీంకోర్టు చెబితే గుర్తింపు కోసం తీసుకున్నారు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరే నిలబడ్డాం. "మీదే ఊరు?"

లౌకిక మిత్రులారా, మా పక్కన నిలబడినందుకు షుక్రియా. కానీ మమ్మల్ని దేశభక్తులని సర్టిఫికెట్ ఇచ్చి కాపాడొద్దు. ఫలానా సాయిబు స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లాడు, ఫలానావాడు యుద్ధంలో చచ్చిపోయాడు కాబట్టి ముస్లింలు మంచివాళ్లు అనొద్దు. జైలుకెళ్లనివాడికి, యుద్ధానికెళ్లనివాడికి, పొద్దున లేచి పరుపులు కుట్టుకుని రాత్రి పడుకునేవాడికి కూడా ఈ దేశం సొంతం కావాలి. పౌరసత్వం బహుమతి కాదు, మంచి నడవడికి ఇచ్చేది కాదు. మాలోని వాళ్లకీ ఒక మాట. కాగితాలు జాగ్రత్త చేసుకోండి, ముఖ్యంగా ఆడవాళ్లవి. పుట్టిన బిడ్డ పేరు ఆ వారంలోనే రాయించండి. అక్షరం తప్పుంటే సరిచేయించండి. అరబ్బు తాతల కథలు కట్టిపెట్టి ఈ మట్టి తాతల కథలు పిల్లలకి చెప్పండి. కాగితం కోసం పోరాడేటప్పుడు, కాగితం లేని యానాదిని పక్కన పెట్టుకుని పోరాడండి. మా ఒక్కళ్ల కోసమే అడిగితే అది హక్కు కాదు, సిఫారసు అవుతుంది.

మైలవరం ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. 2022 దాకా కృష్ణా జిల్లా. అంతకు ముందు మద్రాసు, అంతకు ముందు కంపెనీ, అంతకు ముందు నిజాం. చిరునామా ఎన్నిసార్లు మారినా మా ఖబరస్తాన్ అక్కడే ఉంది. అందులో పేర్లు చెక్కిన రాళ్లు తక్కువ, మట్టి దిబ్బలే ఎక్కువ. మా దగ్గరున్న దస్తావేజు అదే. ఇప్పుడు చెప్పండి, మళ్లీ అడుగుతారా, అసలు ఊరేదని?